‘ఎమర్జెన్సీ!’ మొదటి సీజన్ డీవీడీ: ఫైరు బాబాయ్ చూసిన తీరు

మా పెద్దమ్మాయి న్యూజెర్సీ నుంచి వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో నాకంటూ ఒక వస్తువు ఉంటుంది. ఒకసారి బీపీ మిషను, ఒకసారి వాకింగ్ బూట్లు. ఈ సంక్రాంతికి డీవీడీ పెట్టె తెచ్చింది. "ఫైర్ స్టేషన్ సీరియల్ నాన్నగారూ, మీ అల్లుడుగారు వెతికి మరీ పట్టుకున్నారు" అంది. ధర స్టిక్కరు ముందే గీకేసింది. ఉంటే నేను రూపాయల్లోకి మార్చి గొణుగుతానని దానికి తెలుసు.

కోనసీమలో ముప్ఫై నాలుగేళ్లు ఫైర్ సర్వీసులో చేశాను. ఫైర్‌మాన్‌గా చేరి లీడింగ్ ఫైర్‌మాన్‌గా రిటైరయ్యాను. మా వీధిలో ఇప్పటికీ నన్ను పేరు పెట్టి ఎవరూ పిలవరు, ‘ఫైరు బాబాయ్’ అంటారు. సినిమాల సంగతి నాకు పెద్దగా తెలీదు, హోస్ పైపు సంగతి తెలుసు. ఈ రివ్యూ ఆ లెక్కన చదువుకోండి.

ముందు డిస్కు గొడవ చెప్పాలి. ఇంట్లో ఉన్న ప్లేయర్లో పెడితే ఆడలేదు. రీజియన్ తప్పని తెర మీద ఒక ముక్క చూపించి ఊరుకుంది. సెంటర్లో సెల్‌ఫోన్ రిపేరు కుర్రాడి దగ్గరికి పట్టుకెళ్లాను. ఆ కొట్టు ఒకప్పుడు క్యాసెట్లు అద్దెకిచ్చే వీడియో లైబ్రరీ, వాళ్ల నాన్న నడిపేవాడు. కుర్రాడు డిస్కుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "ఇది అమెరికా డిస్కండి, ఒకటో నంబరు. మన ప్లేయర్లు అయిదో నంబరండి. కంప్యూటర్లో వీఎల్‌సీ వేసుకుని చూడండి, ఆడొచ్చు" అన్నాడు. మనవడు వదిలేసిన పాత కంప్యూటర్లో నిజంగానే ఆడింది. మీరెవరైనా అక్కడినుంచి తెప్పించుకుంటుంటే ఈ సంగతి ముందే చూసుకోండి.

ఇంకో చికాకు కూడా ఉంది. పెట్టెలో ఉన్నవి రెండే డిస్కులు, కానీ రెండూ రెండు వైపులా బొమ్మ ఉన్నవి. మామూలు డిస్కుకి ఒక పక్క పేరు, ఒక పక్క అద్దం ఉంటుంది కదా, వీటికి రెండు పక్కలా అద్దమే. ఎటువైపు ఏముందో మధ్య బొక్క చుట్టూ చీమ తలకాయలంత అక్షరాల్లో రాశారు. కళ్లజోడుకి తోడు భూతద్దం పెడితే గానీ అందలేదు. పట్టుకోవడానికి అంచు తప్ప చోటు లేదు. నేనొకసారి భోజనం చేసి చెయ్యి సరిగ్గా కడుక్కోకుండా తిప్పాను. ఆవకాయ నూనె వేలు పడి బొమ్మ గళ్లు గళ్లుగా నిలబడిపోయింది. తప్పు నాదేలెండి. పాత బనీను గుడ్డతో మధ్యనుంచి అంచుకి తుడిస్తే మళ్లీ నడిచింది.

ఇక సీరియల్. 1972 జనవరి 15న అమెరికాలో ఎన్‌బీసీ టీవీలో మొదలైంది. లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్ డిపార్ట్‌మెంటులో 51వ నంబరు స్టేషను కథ. జాన్ గేజ్, రాయ్ డిసోటో అని ఇద్దరు ఫైర్‌మెన్, పారామెడిక్ శిక్షణ, అంటే ఆస్పత్రికి చేరేలోపే వైద్యం చేసే శిక్షణ కూడా అయినవాళ్లు. వీళ్లకి పెద్ద ఫైరింజన్ కాక విడిగా చిన్న ఎర్ర ట్రక్కు ఉంటుంది, దాని పేరు స్క్వాడ్ 51. ఆస్పత్రి పేరు రాంపార్ట్. అక్కడ డాక్టర్ బ్రాకెట్, డాక్టర్ ఎర్లీ, నర్సు డిక్సీ. డీవీడీలో సినిమాలా పొడుగున్న మొదటి కథ, దాని తర్వాత పదకొండు భాగాలు ఉన్నాయి.

ఇక్కడో పిట్టకథ. డిక్సీగా వేసిన జూలీ లండన్ పేరున్న గాయని. ఈ సీరియల్ తీసిన జాక్ వెబ్ ఆవిడ మాజీ భర్త. డాక్టర్ ఎర్లీగా వేసిన బాబీ ట్రూప్ అప్పటి భర్త. మా ఆవిడకి ఇది చెప్పి పొరపాటు చేశాను. ఆ తర్వాత ఆస్పత్రి సీన్లు వచ్చినప్పుడల్లా ఆ ఇద్దరి మొహాలు చూడటమే తప్ప పేషెంటు ఏమయ్యాడో పట్టించుకోలేదు.

మొదటి కథలో, కరెంటు షాక్ కొట్టిన మనిషిని గేజ్ వాళ్లు కిందికి తెస్తారు. గుండె నొక్కుతారు, ఊపిరి అందిస్తారు, ఆస్పత్రికి చేరుస్తారు. మనిషి దక్కడు. వాళ్లు పని రానివాళ్లేం కాదు, అంతకుమించి చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు. సూది గుచ్చకూడదు, మందు ఎక్కించకూడదు, ఆగిన గుండెకి షాక్ ఇవ్వకూడదు. ఆస్పత్రిలో గేజ్ మొహం చూశాక నేను కంప్యూటర్ ఆపేసి, వసారాలోకి వెళ్లి కూర్చున్నాను.

తొంభైల్లో అంబాజీపేట పక్కన ఒక ఊరు. ఎండాకాలం. కొబ్బరిచెట్టెక్కి దింపు తీస్తున్న మనిషి కొట్టిన పచ్చి మట్ట జారి కరెంటు తీగ మీద పడింది, దాని మొదలు ఇంకా ఆయన కాలికి ఆనుకునే ఉంది. మేం వెళ్లేసరికి లైను ఆపించారు. నడుముకున్న తాడు ఆయన్ని కింద పడకుండా పట్టుకుంది. నిచ్చెన వేసి భుజాన వేసుకుని దింపాను. ఒళ్లు వెచ్చగా ఉంది. మాకు నేర్పిన ప్రకారం నొక్కాల్సినంత నొక్కాం. ఊళ్లోవాళ్ల జీపు వెనక సీట్లో పడుకోబెట్టి, తల నా ఒళ్లో పెట్టుకుని బయల్దేరాం. ముందు సీట్లో ఆయన తమ్ముడు, వెనక్కి తిరిగి చూడకుండా "ఉన్నాడాండి?" అని అడుగుతున్నాడు. కాలువ వంతెన మీద జీపు ఎగిరిపడ్డప్పుడు నా చెయ్యి ఆయన ఛాతీ మీదే ఉంది. చేతి కింద ఏమీ కదల్లేదు. తమ్ముడు మూడోసారి అడిగినప్పుడు "ఉన్నాడు, పోనివ్వమను" అన్నాను.

మంటలోంచో, చెట్టు మీంచో, నూతిలోంచో మనిషిని బయటికి తేవడం ఒక పని. తెచ్చినవాణ్ణి ఆస్పత్రి మంచం దాకా నిలబెట్టడం ఇంకో పని. మా నాటి రిపోర్టుల్లో ‘రక్షించి ఆస్పత్రికి తరలించడమైనది’ అని రాసేవాళ్లం. అక్కడితో మా కాగితం అయిపోయేది. తరలించడానికి పట్టిన అరగంటలో ఏమైందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఈ సీరియల్ మొత్తం ఆ అరగంట గురించే. అందుకే నాకు ఇంతగా పట్టింది.

కథ కల్పితమైనా దాని వెనక చట్టం నిజం. ఫైర్‌మెన్‌కి పారామెడిక్ పని అప్పగించే చట్టాన్ని కాలిఫోర్నియాలో 1970లో తెచ్చారు, గవర్నరుగా ఉన్న రోనాల్డ్ రీగన్ సంతకం పెట్టాడు. అసలు పేరు వెడ్‌వర్త్-టౌన్‌సెండ్ చట్టం, సీరియల్లో ‘వెడ్స్‌వర్త్’ అని మార్చారు. డాక్టర్ బ్రాకెట్‌కి ముందు ఈ బిల్లంటే గిట్టదు. డాక్టరు చదువు చదవనివాడు సూది పట్టుకోవడమేంటంటాడు. చివరికి తనే వెళ్లి దాని తరఫున మాట్లాడతాడు. ఆ మార్పు ఒక్కసారిగా కాకుండా, మనిషి ఇష్టం లేకుండా ఒక్కో మెట్టు దిగుతున్నట్టు చూపించారు. నాకు నచ్చింది.

స్క్వాడ్ బండిలో నారింజ రంగు పెట్టె ఒకటి ఉంటుంది, బయోఫోన్ అంటారు. రోడ్డు పక్కనే దాన్ని తెరిచి, పేషెంటు గుండె గీతని రేడియోలో ఆస్పత్రికి పంపిస్తారు. అక్కడ డాక్టరు ఆ గీత చూసి ఏం ఎక్కించాలో చెబుతాడు. వీళ్లు చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పి అప్పుడు ఎక్కిస్తారు. ‘డీ ఫైవ్ డబ్ల్యూ’ అన్న మాట మాటిమాటికీ వస్తుంటే, ఏదో పెద్ద మందనుకున్నాను. "గ్లూకోజు నీళ్లు తాతయ్యా" అన్నాడు మా చిన్నమ్మాయి కొడుకు. వాడు భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, శని, ఆదివారాలు వస్తే పక్కన కూర్చుని నాకు అర్థంకాని ఇంగ్లీషు విప్పి చెబుతాడు. మిగతా రోజుల్లో నా పదో తరగతి ఇంగ్లీషుతోనే లాక్కొచ్చాను. మంట, మనిషి, నిచ్చెన కనపడుతుంటే భాష అంత అడ్డం రాదు.

మన దగ్గర 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. ఈ డీవీడీ అక్కడ అమ్మకానికి వచ్చిందీ 2005లోనే. వాళ్లు ముప్ఫై మూడేళ్ల నాటి పాత జ్ఞాపకంగా పెట్టెలో పెట్టి అమ్ముకుంటున్న ఏడాది మనకి అది కొత్తగా వచ్చిందన్నమాట. మావైపు ఆ బండ్లు తిరగడం మొదలయ్యాక ఒక సిలిండరు ప్రమాదంలో, మేం బయటికి తెచ్చిన ఆవిడకి ఒక కుర్రాడు వీధి లైటు కిందే సెలైన్ పెట్టాడు. సీసా ఎత్తి పట్టుకోమని నా చేతికిచ్చాడు. నా సర్వీసులో సీసా పట్టుకోవడం అదే మొదటిసారి. ఆవిడ బతికింది. ఇప్పటికీ సంతలో కనపడితే పలకరిస్తుంది.

స్టేషన్ లోపలి జీవితం మాత్రం అచ్చం మాలాగే ఉంది. వంట వంతులు, కూర బాగాలేదని గొడవలు, ఒకణ్ణి అందరూ కలిసి ఏడిపించడం. రాత్రి గంట మోగితే మంచం పక్కన ప్యాంటుతో సహా నిలబెట్టి ఉంచిన బూట్లలోకి ఒకేసారి కాళ్లు దూర్చి, పైకి లాక్కుని పరిగెడతారు. సినిమాల్లోలా స్తంభం పట్టుకుని జారడాలు లేవు, స్టేషను ఒకే అంతస్తు. కార్సన్ అనే ఊళ్లో నిజంగా ఉన్న 127వ స్టేషన్లో తీశారు. తర్వాత ఆ స్టేషనుకి ఈ సీరియల్ నిర్మాత రాబర్ట్ సినాడర్ పేరే పెట్టారు.

‘హ్యాంగ్ అప్’ అనే భాగం చూసి నవ్వాగలేదు. స్టేషన్లో అందరూ టీవీలో ఒక పోలీసు సీరియల్ చూస్తుంటారు. సరిగ్గా చివర్లో కాల్ వస్తుంది. ముగింపు ఏమైందో తెలియక గేజ్ కనపడ్డవాణ్ణల్లా అడుగుతుంటాడు. 1996 మార్చి 9, వరల్డ్ కప్ క్వార్టర్ ఫైనల్, పాకిస్తాన్ మీద బెంగళూరులో. అజయ్ జడేజా వాళ్ల బౌలర్ వకార్ని కొట్టడం మొదలుపెట్టాడు, మా వాచ్‌రూమ్‌లో ఫోన్ మోగింది. గడ్డిమేటు. ఒక గడ్డిమేటు అంటుకుంటే పైన నీళ్లు కొడితే ఆరదు, పంగలకర్రలతో విప్పి పొర పొరా తడపాలి, లేకపోతే లోపల రాత్రంతా కునికి తెల్లారేసరికి మళ్లీ లేస్తుంది. మేం స్టేషనుకి తిరిగొచ్చేసరికి వీధిలో టపాకాయల కాగితాలు మాత్రమే మిగిలాయి. జడేజా కొట్టిన ఆ ఓవర్లు ఇప్పటిదాకా నేను రికార్డింగులోనే చూశాను. గేజ్ బాధ నాకు తెలుసు.

నటుల్లో నన్ను ఆపేసినవాడు ఫైరింజన్ నడిపే మైక్ స్టోకర్. ఎక్కువ మాట్లాడడు. పంపు దగ్గర నిలబడ్డప్పుడు చూడండి. ప్రెషరు చూపించే మీటర్ల మీదొక కన్ను, హోస్ వెళ్లినవైపు ఒక కన్ను, చెయ్యి వాల్వు మీద. ఇది నటన కాదే అనుకున్నాను. మనవడు ఫోన్లో వెతికి చెప్పాడు, ఆయన నిజంగానే లాస్ ఏంజెలెస్ కౌంటీ ఫైర్‌మాన్, సొంత పేరుతోనే వేశాడు. మొదట్లో కెప్టెన్‌గా కనపడే డిక్ హామర్ కూడా నిజం కెప్టెనే. ఇలాంటివాళ్లు ఇద్దరున్నా మిగతావాళ్ల చేతులకి కూడా పని అంటుతుంది.

నాకు కుళ్లు పుట్టించింది నీళ్లు. వీళ్లు బండి ఆపగానే రోడ్డు పక్కన హైడ్రెంటు ఉంటుంది. స్పానర్ వేసి తిప్పితే చాలు. మాకు బండి ట్యాంకులో ఉన్నదే ఉన్నది, నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత కాలువో చెరువో. సక్షన్ హోస్ దింపితే కొసన ఉన్న జల్లెడకి గుర్రపుడెక్క చుట్టుకుంటుంది. పంపు గీ అని అరుస్తుంది కానీ చుక్క లాగదు. ఒకడు మొలలోతు నీళ్లలో దిగి, పంపు నడిచినంతసేపూ కాళ్లతో డెక్క నెడుతూ, చేతుల్తో జల్లెడ పైకెత్తి పట్టుకోవాలి. కొత్తగా చేరినవాడికి ఆ పని. నేను మూడేళ్లు చేశాను, జలగలతో సహా. ఇంకా తమాషా, డెల్టాలో తాటాకిళ్లు కాలేది ఏప్రిల్, మేల్లో. కాలువలు కట్టేసేదీ అప్పుడే. చుట్టూ కాలువలే, ఒక్కదాన్లో నీళ్లుండవు. కాలిఫోర్నియా ఎండు దేశమంటారు, కానీ గోదావరి పక్కన పుట్టి నీళ్లకోసం ఊరు చివర చెరువుకి పరిగెత్తినవాణ్ణి నేను.

ఇక నమ్మబుద్ధి కానివి. మంట మరీ శుభ్రంగా ఉంది. పచ్చగా, ఎర్రగా, గ్యాస్ పొయ్యి పెద్దది చేసినట్టు. నిజం ఇంట్లో మంట కనపడదు, పొగ కనపడుతుంది. అది కూడా కాదు, ఏమీ కనపడదు. పాకుతూ చేత్తో గోడ తడుముకుంటూ వెళ్తాం. వీళ్లేమో లోపల నిలబడి, ఒకరినొకరు చూసుకుంటూ మాట్లాడుకుంటారు. కెమెరాకి మొహాలు కావాలి కాబట్టి సరే. జనం ఏరి? మా దగ్గర బండి చేరేసరికి రెండు ఊళ్ల జనం ఉంటారు, హోస్ పట్టుకుని తలోవైపు లాగుతారు, "ఇటు కొట్టండి", "అటు కాదండి ఇటు" అని ప్రతివాడూ ఆఫీసరే. అన్నిటికంటే, ఏ భాగంలోనూ ఎవరూ నష్టం అంచనా రాయరు. మంట ఆరాక మొదలయ్యే అసలు మంట అది. ఇల్లు పోయినవాళ్లు చేతులు పట్టుకుని అంకె పెంచమంటారు. పక్కింటివాళ్లు వాళ్లకంత లేదని చెవిలో చెబుతారు. యాభై నిమిషాల్లో నలుగురిని కాపాడి కాఫీ తాగేవాళ్లకి ఈ బాధలు ఉండవు.

‘బ్రష్‌ఫైర్’ అనే భాగంలో కొండల మీద పొదలు కాలతాయి. అలాంటిది మావైపు చూడం. మేం చూసింది పాశర్లపూడి. 1995 జనవరి 8న గ్యాస్ బావి బ్లోఅవుట్ అయి, అంటే లోపలి గ్యాస్ అదుపు తప్పి పైకి చిమ్మి, అంటుకుంది, రెండు నెలలు దాటి మండింది. నేను స్టాండ్‌బై డ్యూటీకి వెళ్లాను. మాలాంటి బండ్లు అక్కడ చేసేదేముంటుంది, చుట్టుపక్కల తడపడమే. రాత్రి పన్నెండింటికి కొబ్బరాకు ఈనె ఈనే లెక్కపెట్టొచ్చు, అంత వెలుగు. మాటలు వినపడవు, సైగలే. కోళ్లు పగలనుకుని నిద్రపోయేవి కావు. అమెరికా నుంచి నిపుణులు వచ్చారు, దూరంనుంచి చూశాను. తొందరపడకుండా నడిచేవాళ్లు. ఈ సీరియల్లో గేజ్, డిసోటో బండి దిగి నడిచే నడక కూడా అదే. పరిగెత్తరు. పని తెలిసినవాడు మంట దగ్గర పరిగెత్తడు, మేం కూడా కుర్రాళ్లకి మొదట అదే చెప్పేవాళ్లం.

పిల్లలతో కూర్చుని చూడొచ్చు. బూతు లేదు, రక్తం పెద్దగా లేదు. బొమ్మ పాతదైనా బాగుంది, బండి ఎరుపు ఎరుపులానే ఉంది. కథలో మలుపులు కావాలనుకునేవాళ్లకి బోరు కొట్టొచ్చు, ఒక కాల్, ఇంకో కాల్, మధ్యలో కాసిన్ని జోకులు, అంతే. నాకైతే డ్యూటీ రోజు అలాగే గడిచేది. ఏప్రిల్ 14న అగ్నిమాపక వారోత్సవాలు మొదలవుతాయి కదా, 1944లో బొంబాయి రేవులో ఓడ పేలి చనిపోయిన 66 మంది ఫైర్‌మెన్‌ పేరు మీద. ఈసారి నేను పనిచేసిన స్టేషనుకి కంప్యూటరు పట్టుకెళ్లి, కొత్త కుర్రాళ్లకి మొదటి కథ వెయ్యాలని ఉంది. షాక్ కొట్టిన మనిషి సీను దగ్గర ఈసారి ఆపను.

రెండో డిస్కు రెండో వైపు చివర ‘క్రాష్’ అని ఒక్క భాగం మిగిలింది. మనవడికి పరీక్షలు, వాడొచ్చాక చూద్దామని ఉంచాను. మా ఆవిడ మాత్రం నేను నిద్రపోతున్నప్పుడు చూసేసినట్టుంది. డిస్కు మీద కొత్త వేలిముద్ర ఉంది.